మిల్లు షెడ్డులో తాత అంబాసిడర్, 1972 మోడల్. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మిర్యాలగూడ మార్క్ 2:

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ. మా తాత 1972లో కొత్తది కొన్న అంబాసిడర్ మార్క్ 2 మా పాత రైస్ మిల్లు వెనక రేకుల షెడ్డులో ఉంది. 2004 నుంచి కదల్లేదు. తాత పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మిల్లు స్థలం ఖాళీ చేయాల్సి వచ్చింది. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి కిలోల లెక్కన ధర చెప్పారు. నేను ఇవ్వనన్నాను.

చిన్నప్పుడు మే నెలలో ఈ కార్లో హైదరాబాద్ పోతుంటే నార్కట్‌పల్లి దాటేలోపు ఒకసారైనా ఆగిపోయేది. డ్రైవర్ మామ దిగి బానెట్ ఎత్తి, పెట్రోల్ పంపు మీద తడి గుడ్డ చుట్టి, మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టేవాడు. పది నిమిషాలకు బండి మళ్లీ స్టార్ట్ అయ్యేది. ఆ కారు తుక్కుకి పోతుందంటే నాకు నిద్ర పట్టలేదు.

ప్రస్తుతం పరిస్థితి ఇది. నాలుగు తలుపులూ తెరుచుకుంటున్నాయి, స్టీరింగ్ తిరుగుతోంది. ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే ఇంజన్ మాత్రం కదలడం లేదు. బ్రేక్ పెడల్ నేలకు అంటుకుపోతోంది. ఎయిర్ ఫిల్టర్ విప్పితే నిండా ఊక, ఎలుక గూడు. ట్యాంకు మూత తీస్తే పాత వార్నిష్ వాసన. డ్రైవర్ పక్క సీటు కింద మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే కింద నేల కనిపించింది.

సామాను: పానాల సెట్టు, ఒక జాకీ, మిల్లులో వాడిన ఆర్క్ వెల్డింగ్ మిషన్. టైము: సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారాలు. డబ్బు: మెల్లమెల్లగా రెండున్నర లక్షల దాకా పెట్టగలను.

నా ఆలోచన ఏంటంటే ఇసుజు డీజిల్ ఇంజన్ వేయించి, ఏసీ పెట్టించి, ముందు డిస్క్ బ్రేకులు మార్చి, మంచి రంగు కొట్టించి అమ్మని సాగర్ తీసుకెళ్లాలని. ఆర్‌సీ ఇంకా తాత పేరు మీదే ఉంది. మొదట ఏం చేయాలి?

సూర్యాపేట డీజిల్:

ఇసుజు మంచి ఆలోచన తమ్ముడూ. అంబాసిడర్లోకి కంపెనీయే వేసిన ఇంజన్ కాబట్టి మౌంటింగులు, గేర్‌బాక్స్ దొరుకుతాయి. మా బాబాయి బండికి వేయించాం, మైలేజీ బాగుంది. పాత పెట్రోల్ ఇంజన్ మీద డబ్బు పెట్టకు.

జడ్చర్ల ఫిజిక్స్ సార్:

బాబూ, తొందరపడి ఇంజన్ దించకు. పట్టేసినంత మాత్రాన పాడైనట్టు కాదు. దాని సంగతి కింద రాస్తాను. ముందు నేను చేసిన తప్పు చెబుతాను, నువ్వు చేయకూడదని.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా మామగారి అంబాసిడర్‌ని 2018లో తెచ్చుకుని మా ఇంటి వాకిట్లోనే మూడేళ్లు పనిచేశాను. అందరిలాగే నేనూ రంగుతో మొదలుపెట్టాను. ఒక షెడ్డులో ఇచ్చాను, పేరు అనవసరం. నెల తర్వాత మీగడ రంగులో అద్దంలా వచ్చింది. ఇంట్లో అందరం ఫోటోలు దిగాం. మరుసటి వానాకాలం తలుపుల కింది అంచున బియ్యపు గింజంత బొబ్బలు లేచాయి. ఒకదాన్ని గోటితో గీరితే పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. వేలు మందం పుట్టీ, దాని వెనక మడిచి కుక్కిన ఇనుప జాలీ, జాలీ వెనక ఏమీ లేదు. రేకే లేదు. ఆ రోజు నేను కారు పక్కన నేల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

అందుకే చెబుతున్నాను, రంగు చిట్టచివరి పని. అంబాసిడర్‌కి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. ఫ్లోరు, తలుపుల కింద పొడవుగా వచ్చే పెట్టె లాంటి భాగం, పక్క స్తంభాలు, ఇవే దాని ఎముకలు. స్క్రూడ్రైవర్‌ని తిరగేసి పిడితో బండి కింద అంగుళం అంగుళం కొట్టుకుంటూ పో. మంచి రేకు టంగ్‌మంటుంది, చచ్చిన రేకు తప్‌మంటుంది, పుట్టీ ఉన్నచోట అసలు శబ్దమే రాదు. ప్రతి చోటా చాక్‌పీసుతో గుర్తు పెట్టు. నీది మిల్లు బండి కాబట్టి ఇంకో సంగతి. తవుడు దుమ్ము మ్యాట్ల కింద చేరితే గాలిలో తేమని పీల్చి పట్టుకుంటుంది. నీ ఫ్లోరు కింద నుంచి కాదు, లోపలి నుంచి తిని ఉంటుంది. సీట్లు, మ్యాట్లు, వాటి కింది తారు షీటు మొత్తం తీసేసి, తలుపుల లోపల కూడా శుభ్రం చేసి, తలుపు కింది అంచున నీళ్లు కారే రంధ్రాలు సన్న తీగతో పొడిచి తెరువు. ఊక అక్కడే అడ్డం పడుతుంది.

మిల్లు ఆర్క్ మిషన్‌తో ఈ రేకు అతకకు. అది మందపాటి యాంగిళ్లకి సరే, మిల్లీమీటరు రేకుని కాల్చి బొక్క చేస్తుంది. మిగ్ వెల్డింగ్ (సన్న తీగతో పల్చటి రేకు అతికేది) ఉన్నవాడిని ఇంటికి పిలిపించుకో. పెట్రోల్ ట్యాంకు మాత్రం ఎవడు ఎంత ధైర్యం చెప్పినా వెల్డింగ్ దగ్గరికి పోనీయకు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది.

ఇక పట్టేసిన ఇంజన్. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో డీజిల్, పల్చటి ఆయిల్ సగం సగం కలిపి రెండు మూడు చెంచాలు పొయ్యి. గుడ్డ మూసి వదిలెయ్. రోజూ సాయంత్రం హ్యాండిల్‌ని ముందుకీ వెనక్కీ చేతి బలంతో మాత్రమే ఊపు. పైపు తగిలించి లాగొద్దు, ట్రాక్టర్‌కి కట్టి గేర్లో లాగించొద్దు. రింగులు విరుగుతాయి. నాది పదకొండో రోజు కదిలింది. కదిలాక కూడా వెంటనే స్టార్ట్ చేయకు. ఇంజన్ కింద ఆయిల్ ఉండే చాంబర్ దించి అడుగున పేరుకున్న బురద కడిగి, కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే హ్యాండిల్‌తో తిప్పు. ఆయిల్ పైకి ఎక్కాలి.

దానికంటే ముందు బ్రేకులు. ఇరవై ఏళ్లు నిలబడిన బండిలో మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ల కప్పులు బిస్కెట్ల లాగా విరిగిపోతాయి. అన్నీ ఒకేసారి మార్చు, రబ్బరు గొట్టాలతో సహా. పాత లైనింగ్ పొడిని గాలి కొట్టి ఊదొద్దు, అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడువు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకు. చక్రాలు విప్పినప్పుడు కింద దుంగలు పెట్టు.

ఏసీ సంగతి లెక్క చూడు. ఆ బండిలో కరెంటు తయారుచేసే లూకాస్ డైనమో ఇచ్చేది 20 ఆంపియర్ల చుట్టూ. 12 వోల్టుల మీద 240 వాట్లు. రెండు హెడ్‌లైట్లకే వంద దాకా పోతుంది. ఏసీ బ్లోయరు, కంప్రెసర్ క్లచ్, ముందు ఫ్యాను కలిపితే డైనమో చేతులెత్తేస్తుంది. అంటే డైనమో తీసి, ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టాలి. మార్చేముందు బ్యాటరీలో ఏ తీగ బాడీకి పోతుందో చూసుకో. ఆ కాలం డైనమో కార్లు చాలా వరకు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ తీగే బాడీకి పోతుంది. అది చూడకుండా తగిలిస్తే ఆల్టర్నేటర్ డయోడ్లు క్షణంలో పోతాయి. పైగా 1489 సీసీ ఇంజన్ ఇచ్చేదే సుమారు 50 హార్స్‌పవర్, అందులోంచి కంప్రెసర్ కొంత లాక్కుంటుంది. మీ అమ్మగారి కోసం పెట్టాలనుకుంటే పెట్టు, తప్పు లేదు. కాని బండి ఒక వేసవి నడిచాక పెట్టు.

డిస్క్ బ్రేకులు మాత్రం నాకు నచ్చిన మార్పు. తర్వాతి కాలం అంబాసిడర్లు కొన్నిటికి ముందు డిస్కులు వచ్చాయి. ఆ సామాను తుక్కులో వెతికితే దొరుకుతుంది.

నకిరేకల్ లేత్:

సార్ అంతా చెప్పారు. ఇంజన్ హెడ్ గురించి నాలుగు మాటలు. హెడ్ దించితే వాల్వు సీట్లు చూపించుకోండి. మన దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే. పాత ఇంజన్లలో సీటు నేరుగా హెడ్ ఇనుములోనే కోసి ఉంటుంది, సీసం లేకపోతే ఎగ్జాస్టు సీటు మెల్లగా అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది. గట్టి రింగులు వేయించుకుంటే ఆ బాధ ఉండదు. హెడ్ టేబుల్ మీద పెట్టాక అదే రోజు పని. టాపెట్ గ్యాపు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), పాయింట్లు 15 థౌ, ప్లగ్గులు 25 థౌ. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, డిస్ట్రిబ్యూటర్ తీగలు పీకేముందు కాగితం ముక్కలు అతికించండి.

ఇంకొకటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు పైపులు, పెట్రోల్ పంపు డయాఫ్రం దానికి మెత్తబడి జిగురవుతాయి. ఇథనాల్‌కి తట్టుకునే పైపులు అడిగి కొనండి. నెలల తరబడి ట్యాంకులో ఉంచకండి, తేమ పీలుస్తుంది.

రేడియేటర్లో మన బోరు నీళ్లు పోయొద్దు. కెటిల్ అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో మీ ఇంట్లో చూసే ఉంటారు, బ్లాకు లోపల అదే కడుతుంది. మా దగ్గరికి వచ్చే వేడెక్కే బండ్లలో సగం ఆ పొరవే. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ పోయండి.

గడియారం సెంటర్ అక్క:

తమ్ముడూ, నేను నల్గొండలో వాహనాల కాగితాల పనే చేస్తాను. పానా పట్టుకునే ముందు ఆర్‌సీ చూసుకో. తాతగారి పేరు నుంచి మీ నాన్న పేరుకి మారాలంటే ఫారం 31, మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల కాగితాలు కావాలి. ఇంజన్, చాసిస్ నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసి పెట్టుకో. తుప్పు గీకేటప్పుడు ఆ నంబర్ల మీద గ్రైండర్ పోనీయకు. అంకె చెరిగితే ఆ తర్వాత నేనే కాదు, ఎవరూ ఏమీ చేయలేరు.

నీ బండికి ఒక మంచి దారి కూడా ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లకి వీఏ అనే అక్షరాలతో నంబర్ ఇస్తారు. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కాని షరతు ఉంది. చాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పు చేసి ఉండకూడదు. ఇసుజు వేస్తే ఈ దారి మూసుకుపోతుంది. ఇంకో షరతు, ఆ నంబర్‌తో రోజువారీ తిరగడానికి లేదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోలుకి మాత్రమే. నీకు అమ్మతో సాగర్ తిరగాలని ఉంది కాబట్టి మామూలు రిజిస్ట్రేషన్ రెన్యూవల్, ఫారం 25, అదే నీకు సరిపోతుందేమో ఆలోచించు. ఏ దారిలోనైనా ఇంజన్ మార్చాలంటే ముందుగా ఆర్టీవో అనుమతి తీసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉన్నది అందుకే.

మిర్యాలగూడ మార్క్ 2:

అందరికీ చాలా థాంక్స్. ఇసుజు ఆలోచన మానుకున్నాను. అక్కా, మీరు చెప్పినట్టు నంబర్ల ప్రింటు తీశాను, ఆర్‌సీతో సరిపోయింది. వారసుల కాగితం కోసం నాన్న తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాడు.

సార్, డీజిల్ పోసి ఎనిమిది రోజులైంది. నిన్న సాయంత్రం కరెంటు పోయింది, చీకట్లోనే హ్యాండిల్ పట్టుకుని ఊపుతున్నాను. చేతికి ఏదో తేడా తెలిసింది. ఫోన్ లైటు వేసి ఫ్యాను రెక్క మీద చాక్‌తో గీత పెట్టి మళ్లీ తిప్పితే గీత రెండు వేళ్లు జరిగింది. వెనక్కి తిప్పితే మళ్లీ వచ్చింది. నాన్నని పిలిచాను. ఇన్నాళ్లు షెడ్డు వైపు రాని మనిషి, నా చేతిలోంచి హ్యాండిల్ తీసుకుని బొటనవేలు మిగతా వేళ్ల వైపే పెట్టి పట్టుకున్నాడు. అలా పట్టుకోకపోతే హ్యాండిల్ వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుందని తాత నేర్పాడట. ఈ రోజు పొద్దున్నకి పూర్తి చుట్టు తిరిగింది.

చాక్‌పీసు గుర్తులు కూడా పెట్టాను. ఎడమ పక్క ముందు ఫ్లోరు మొత్తం, తలుపు కింది పెట్టెలో రెండడుగులు పోయింది. కుడి పక్క మంచిదే. ఎడమ వైపు కోయించేయొచ్చా?

జడ్చర్ల ఫిజిక్స్ సార్:

ఇప్పుడే కోయకు. ముందు తలుపులన్నీ మూసి, చుట్టూ సందు ఎంతుందో స్కేలుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకో. తర్వాత ఎడమ వైపు తలుపులు తీసి, ముందు స్తంభానికీ మధ్య స్తంభానికీ, మధ్యదానికీ వెనకదానికీ అడ్డంగా యాంగిళ్లు టాకా వేయించు. దీనికి మీ మిల్లు మిషన్ పనికొస్తుంది. బండి బరువు చక్రాల మీదే ఉంచి కోయాలి, నడుమ జాకీ పెట్టకూడదు. పెడితే బాడీ వంగి, కొత్త రేకు ఆ వంకరలోనే అతుక్కుంటుంది, ఇక తలుపు జన్మలో సరిగా పడదు. ఒకేసారి మొత్తం కాకుండా ముందు పెట్టె, అది అతికాక ఫ్లోరు.

వచ్చే ఆదివారం మా అమ్మాయి వాళ్లింటికి నల్గొండ వస్తున్నాను. నా దగ్గర వాడని మాస్టర్ సిలిండర్ కిట్ ఒకటి ఉంది, తెస్తాను. మధ్యాహ్నం మిర్యాలగూడ వస్తే ఉంటావా? నాన్నగారిని కూడా ఉండమను.