సమస్యాపూరణం: జక్కవల జంట రాతిరిఁ జక్కఁ గూడె

నిర్వాహకుడు, బరంపురం: ఈ వారం సమస్య ఒక తేటగీతి పద్యానికి చివరి పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి అర్థం కుదర్చాలి.

"జక్కవల జంట రాతిరిఁ జక్కఁ గూడె"

కవిసమయం (కవులు తరతరాలుగా ఒప్పుకున్న ఊహ) ప్రకారం పొద్దుగూకితే జక్కవలు, అంటే చక్రవాక పక్షులు, చెరో ఒడ్డుకీ చేరి తెల్లవార్లూ ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ఏడవాలి. ఇక్కడేమో కలిశాయి. ముడి విప్పండి. జక్కవలనగానే ప్రబంధాల దారి పట్టకండి, గుంపులో పిల్లలున్నారు. చిలకా సరస్సులో ఇది వాటి కాలమే. అక్టోబరు నుంచి మార్చి దాకా మన గంజాం ఒడ్డున కూడా కనబడే పక్షి. చూసి రాస్తే మరీ మంచిది.

ఛత్రపురం సభ్యుడు:

కవులు చెప్పిన విరహమ్ము కల్ల యయ్యె
మంగలాజోడి జమ్ములో మాటు వేసి
చిలక సరసున వెన్నెల చిందువేళ
జక్కవల జంట రాతిరిఁ జక్కఁ గూడె

నిర్వాహకుడు: ధార బాగుంది, యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన అక్షరంతో మైత్రి) కుదిరాయి. ఒకటే చిక్కు. "వేసి", "కూడె" రెండింటికీ కర్త ఒక్కరే కావాలి కదా, మీ పద్యంలో మాటు వేసినవి జక్కవలే అయ్యాయి! పైగా చిలకా ఒడ్డునున్న మంగలాజోడి ఊళ్లో మాటు అంటే మామూలు మాట కాదు. అక్కడ ఒకప్పుడు జమ్ములో దాక్కుని బాతుల్ని కాల్చినవాళ్లే 2000లో మహావీర్ పక్షి సురక్షా సమితిగా ఏర్పడి కాపలాదారులయ్యారు. ఇప్పుడు గెడతో నడిపే నాటుపడవల్లో వాళ్లే జనానికి పిట్టల్ని చూపిస్తారు. "మాటు లుడిగె" అని మార్చండి. గణాలు (గురులఘువుల లెక్క) చెడవు, కర్త తగువు తీరుతుంది, ఆ ఊరి కథ కూడా పద్యంలోకి వచ్చేస్తుంది.

ఛత్రపురం సభ్యుడు: చిత్తం గురువుగారూ. మార్చుకున్నాను.

పర్లాకిమిడి టీచరు:

సూరతున మగ్గముల కడ సుదతిఁ దలఁచి
పండుగకు నెక్కె రైలును భర్త, రంభ
యూరిలో దిగె; నిల్లాలి యూపిరాడె;
జక్కవల జంట రాతిరిఁ జక్కఁ గూడె

నిర్వాహకుడు: అమ్మా, చప్పట్లు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్లినవాళ్లు లేని వీధి మన దగ్గర ఏది? జక్కవని ఉపమానంగా తీసుకుని విరహాన్ని అలాగే ఉంచారు. అయితే "భర్త, రంభ" అని పక్కపక్కన పెట్టారు చూడండి, ఆ అర్ధబిందువంత కామా చదవనివాడు ఇంట్లో గొడవ పెడతాడు.

పర్లాకిమిడి టీచరు: కావాలనే పెట్టానండీ. పాదం చివర ఆగినవాళ్లకి ఒక్క క్షణం టెన్షన్ ఉండాలిగా!

రాయగడ విద్యార్థి: నాకు ఒక్క పాదమే వచ్చింది. "హిమగిరులు దాటి చిలకకు వలస వచ్చి". తర్వాత గూడు కట్టి పిల్లల్ని లేపినట్టు రాద్దామని.

నిర్వాహకుడు: గణాలు సరే, హికి వకి యతి లేదు బాబూ. "హిమగిరులు దాటి చిలకకు నేఁగుదెంచి" అను. హకారానికి అచ్చుతో యతి చెల్లుతుంది, ఇకారానికి ఏకారంతో మైత్రి ఉంది. గూడు మాత్రం వద్దు. వీటి కాపురం, పిల్లలు అంతా లడఖ్, టిబెట్, మధ్య ఆసియా వైపే. చిలకాకి తిండికీ వెచ్చదనానికీ వస్తాయి.

గోపాల్‌పూర్ సభ్యుడు:

రేవు దీపాల వెలుగులో రేయి పగలు
గాఁగ, నినుఁ డుండె ననుకొని కనులు తెఱచి
మోసపోయియు లాభమే ముట్టె నౌర
జక్కవల జంట రాతిరిఁ జక్కఁ గూడె

నిర్వాహకుడు: ఇదీ పూరణ అంటే! ఛత్రపురం వారు కవిసమయాన్నే అబద్ధమన్నారు. అది ముడిని కత్తిరించడం. మీరు దాన్ని నమ్ముతూనే విప్పారు. రాత్రి పగలయితే కలవక ఏం చేస్తాయి? ఒక్క సవరణ. విరహంలో ఉన్న పక్షికి నిద్రెక్కడిది, కనులు తెరవడానికి? "కనులు తుడిచి" అనండి.

రంభ సభ్యుడు: నేను పద్యం రాయను, పిట్టల్ని చూస్తాను. ఒక మాట చెప్పొచ్చా? జక్కవలు నిజంగానే రాత్రి ఎక్కువగా మేస్తాయి, జంట వదలవు. చీకట్లో దూరం నుంచి బూర ఊదినట్టు వాటి అరుపులు వినబడతాయి. పక్షి కనబడదు కాబట్టి విడిపోయాయని పాతవాళ్లు అనుకుని ఉంటారు. ఒళ్లంతా కాషాయం, తల మీగడ రంగు, ఎగిరితే రెక్కలో తెల్లటి పట్టె. ఛత్రపురం వారి పద్యాన్ని తక్కువ చేయకండి సార్, ఆయన రాసిందే నిజం.

నిర్వాహకుడు: నిజమే, కాదనను. కానీ నిజం చెప్పేస్తే సమస్య ఎక్కడుంటుందండీ? నా ఓటు గోపాల్‌పూర్‌కే. మీరు ఒక్క పాదమైనా రాసి నన్ను తిట్టండి, సరిదిద్దుతాను.

రంభ సభ్యుడు: "పక్షి చూడని పండితుల్ పలికిరంట". సరిపోయిందా?

నిర్వాహకుడు: గణాలూ యతీ రెండూ పడ్డాయి! మిగతా రెండు పాదాలు ఆదివారంలోపు పంపండి.