డ్రాగన్లు యుద్ధం చేసే పుస్తకాలు కావాలి, ఎక్కువమందికి తెలియనివి

గుణుపురం పిన్ని

మా అక్క కూతురికి 14 ఏళ్లు. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు, కథల పుస్తకం మాత్రం ఇంగ్లీషులోనే చదువుతుంది. సెలవులకి నా దగ్గరికి వచ్చింది. తెచ్చుకున్న నాలుగు పుస్తకాలూ వారంలో అవగొట్టి ఇప్పుడు నా ప్రాణం తీస్తోంది. దానికి డ్రాగన్లు కావాలి. గుహలో బంగారం మీద పడుకునేవి కాదట, సైన్యంలో పనిచేసేవి కావాలట. "పిన్నీ, అంత పెద్ద జంతువుకి రోజూ తిండి ఎవుళు పెడతారు? అది ఎవుళూ రాయరేటి?" అని నిన్న అడిగింది. నేను జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను, నోట్లో గుండుసూదులు. ఊఁ అని ఊరుకున్నాను గానీ ప్రశ్న బాగానే ఉందనిపించింది.

అందరూ చెప్పే పెద్ద పేర్లు చెప్పకండి, అవి అయిపోయాయి. రాకుమారి పెళ్లితో ముగిసేవి వద్దంటోంది. యుద్ధంలో ఆడపిల్లలుంటే ఇంకా మంచిది. ఇక్కడ పుస్తకాల షాపులో గైడ్లు, నోట్సులే ఉంటాయి. ఏదైనా బయట నుంచి తెప్పించాలి, కాబట్టి మీరు చదివి నచ్చిందే చెప్పండి.

రాయగడ ప్యాసింజరు

అక్కా, మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబుగా ఏకంగా 9 పుస్తకాలున్నాయి. టెమెరేర్ సిరీస్. రాసింది నవోమి నోవిక్ అనే అమెరికా ఆవిడ. మొదటి మూడూ 2006లోనే వచ్చాయి, ఆఖరిది 2016లో. బయట దేశాల్లో పేరున్నదే. మన వైపు మాత్రం దీని గురించి మాట్లాడదామంటే నాకు మనిషి దొరకలేదు.

నేను మెడికల్ రెప్‌ని. నెలలో సగం రోజులు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం అంటూ రైల్లోనే. బ్యాగులో శాంపిళ్ల కింద ఒక పుస్తకం ఎప్పుడూ ఉంటుంది.

కథ 1805లో మొదలు. నెపోలియన్‌కీ ఇంగ్లండుకీ యుద్ధం. చరిత్ర చాలావరకు మనం చదువుకున్నదే, కాకపోతే రెండు వైపులా డ్రాగన్ల దళాలుంటాయి. లారెన్స్ అనే ఇంగ్లీషు నౌకా కెప్టెన్ ఒక ఫ్రెంచి ఓడని పట్టుకుంటాడు. అందులో పెద్ద గుడ్డు. చైనా నుంచి నెపోలియన్‌కి వెళ్తున్న కానుక. తీరం చేరేలోపే పగిలేలా ఉంది. పిల్ల బయటికి రాగానే జీను వేయించుకోవాలి, లేకపోతే అడవి డ్రాగన్ అయిపోతుంది. వేసినవాడికి ఇక జన్మంతా దానితోనే. ఓడ పోయినట్టే, పెళ్లి ఆశ వదులుకున్నట్టే. అందుకని ఆఫీసర్లు చీట్లు వేసుకుంటారు. చీటీ ఒక కుర్రాడికి పడుతుంది. పిల్ల గుడ్డులోంచి వచ్చి, ఆ కుర్రాణ్ణి పట్టించుకోకుండా, లారెన్స్‌ని చూసి ఎందుకలా మొహం ముడుచుకున్నావని అడుగుతుంది. అక్కడ తలెత్తి చూస్తే బొబ్బిలి వెళ్లిపోయింది. దిగాల్సింది అక్కడే. గజపతినగరంలో దిగి వెనక్కి బస్సు పట్టుకున్నాను. డాక్టరుగారు అప్పటికే వెళ్లిపోయారు.

పుట్టీపుట్టగానే మాటలేమిటంటారా, గుడ్డులో ఉండగా విన్న భాషలు వాటికి వచ్చేస్తాయి. అభిమన్యుడి టైపు. వీడు, అదే మన పిల్ల డ్రాగన్ టెమెరేర్, ఫ్రెంచి ఓడలో ఉన్నాడు, తర్వాత ఇంగ్లీషు ఓడలోకి వచ్చాడు, రెండూ వచ్చేశాయి. మన వైపు పిల్లలకి ఇదేం వింత కాదు. మా పాపకి మూడేళ్లు. నాతో తెలుగు, ఎదురింటివాళ్లతో ఒడియా, కూరలమ్మే ఆమెతో కొండవాళ్ల కువి భాషలో రెండు ముక్కలు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

తిండి సంగతికొస్తే, ఆవులూ గొర్రెలూ. స్థావరం పక్కనే మందలు. సైన్యం కదిలితే మందా కదలాలి. పెద్ద డ్రాగన్ మీద కెప్టెన్‌తో పాటు తుపాకులవాళ్లు, జెండా సైగలవాళ్లు, పొట్ట కింద వేలాడుతూ బాంబులు విడిచేవాళ్లు ఉంటారు. అందరి నడుములకీ తోలు పట్టీలు, వాటికి కొక్కేలు. ఒక కొక్కెం విప్పేముందు రెండోది బిగించి ఉందో లేదో చూసుకోవాలి. నాకు తాటిచెట్టు ఎక్కేవాళ్ల మోకు గుర్తొచ్చింది.

ఇక ఆడవాళ్లు. లాంగ్‌వింగ్ అనే జాతి ఆమ్లం కక్కుతుంది, ఇంగ్లండుకి దాన్ని మించిన ఆయుధం లేదు. ఆ జాతి ఆడ కెప్టెన్‌ని తప్ప ఒప్పుకోదు! చేసేదిలేక ప్రభుత్వం ఆడవాళ్లకి ర్యాంకులిచ్చి, బయట ఊళ్లో తెలియకుండా దాచిపెడుతుంది. నౌకాదళం మర్యాదల్లో పెరిగిన లారెన్స్ మొదటిసారి కెప్టెన్ హార్‌కోర్ట్‌ని చూసినప్పుడు పడే తడబాటు చదివి తీరాలి. ఎమిలీ అని చిన్న క్యాడెట్ కూడా ఉంది, మీ అమ్మాయికి నచ్చుతుంది.

నన్ను చివరిదాకా లాగింది వేరే సంగతి. రెండో పుస్తకంలో టెమెరేర్ చైనా వెళ్తాడు. అక్కడ డ్రాగన్లు వీధుల్లో నడుస్తాయి, చదువుతాయి, సొంత డబ్బుతో కొనుక్కుంటాయి. అది చూసొచ్చాక వాడు ఊరుకుంటాడా? మీకోసం చస్తున్నాం కదా, మాకు జీతమేదని అడుగుతాడు. లారెన్స్ దగ్గర జవాబు ఉండదు. ఆ మాట కోసమే నేను తొమ్మిదీ చదివాను.

ఒక్క జాగ్రత్త. మొదటి పుస్తకానికి రెండు పేర్లు. బ్రిటన్ అచ్చులో 'టెమెరేర్', అమెరికా అచ్చులో 'హిజ్ మెజెస్టీస్ డ్రాగన్'. రెండోది రెండో భాగమనుకుని కొన్నాను. మూడు పేజీలు చదివాక అదే గుడ్డు, అదే ఓడ.

పర్లాకిమిడి మేష్టారు

అమ్మా, ఈయన చెప్పింది నిజమే, నేను మా మనవడి దగ్గర తీసుకుని రెండు చదివాను. ఇంగ్లీషు పాతకాలపు మర్యాద భాష, వాక్యాలు పొడుగు. మొదటి 30 పేజీలు ఓపిక పట్టమనండి. గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటున్నవాణ్ణి, వాడుక భాషే నా పక్షం. అయినా ఈ కథకి ఆ గ్రాంథికమే అతికింది.

ఇంగ్లీషు, ఫ్రెంచివాళ్ల తగువంటే దూరపు విషయం అనుకోకుండా, 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులతో వచ్చిన బుస్సీ ఫ్రెంచివాడేనని పిల్లకి చెప్పండి. ఆ కథ వాళ్లకి చప్పున పడుతుంది.

రక్తపాతం గురించి భయపడక్కర్లేదు. లెవిటాస్ అని చిన్న డ్రాగన్ ఉంది, యజమాని దాన్ని పట్టించుకోడు. దాని మురికి జీను దగ్గర నేను పుస్తకం మూసేసి మంచినీళ్లు తాగి వచ్చాను. అంతకన్నా చెప్పను.

జయపురం కుర్రోడు

అన్నా, ఆరోది గురించి మాట్లాడవేం? ఆస్ట్రేలియాలో పుస్తకం పొడుగునా ఎడారే. నేను అక్కడ ఆపి రెండేళ్లకి గానీ మళ్లీ పట్టలేదు.

రాయగడ ప్యాసింజరు

దొరికిపోయాను తమ్ముడూ. ఆరోది నీరసమే. కానీ ఏడులో ఇంకాల దేశానికి వెళ్తారు, అక్కడ మళ్లీ ఊపందుకుంటుంది. అక్కా, ముందు మూడు కొనండి చాలు. మూడోది 1806 యేనా యుద్ధం దాకా వెళ్తుంది. అక్కడికి పిల్ల ఇంకా కావాలంటే అప్పుడు చూద్దాం.

గుణుపురం పిన్ని

చదివి వినిపించాను. ఆడ కెప్టెన్ల దగ్గర మంచం దిగి వచ్చింది. జీతం మాట విని, "మరి ఎంత ఇస్తారు?" అంటోంది. మీరన్నారు కదా ఒకే పుస్తకం రెండున్నాయని, ఒకటి అమ్ముతారా తమ్ముడూ? ఆదివారం మజ్జిగౌరమ్మ గుడికి రాయగడ వస్తున్నాం.

రాయగడ ప్యాసింజరు

అమ్మడమేమిటక్కా, తీసుకెళ్లండి. అమెరికా అచ్చు ఇస్తాను, అది కొత్తగా ఉంది. నా కాపీ మీద బొబ్బిలి టీ మరక ఉంది, అది ఇవ్వను. పదింటికి గుడి దగ్గర కొబ్బరికాయల కొట్ల వైపు ఉంటాను, చేతిలో రెప్ బ్యాగు ఉంటుంది.