పాత బజారుకు మళ్లీ గిరాకి రావాలంటే ముందు ఏం చేయాలె?

ప్రశ్న: పత్తి మార్కెట్ ఉన్న జమ్మికుంట లాంటి ఊరనుకోండి. పాత బజారుల 60 దుకాణాలు, అందులో 11 షట్టర్లు ఎప్పుడూ మూసే ఉంటయి. గిరాకంతా బస్టాండు దిక్కు మళ్లింది. వ్యాపారుల సంఘంల తోరణం కట్టి రంగు లైట్లు పెడదామంటున్నరు. ఉన్న పైసలు తక్కువ, దేని మీద పెట్టాలె?

జవాబు 1: తోరణం పక్కన పెట్టన్నా. అంగడి రోజొకటి, మామూలు రోజొకటి తీసుకొని పొద్దున 10కి, సాయంత్రం 6కి పావుగంట చొప్పున వచ్చిపోయేటోళ్లను లెక్కపెట్టుర్రి. అప్పుడే పొద్దున 9కి పెట్టి రాత్రి దాకా కదలని మోటర్ సైకిళ్ల నంబర్లు రాసుకోండి. ఎక్కువ దుకాణపోళ్లవే ఉంటయి! దుకాణానికి 2 బండ్లంటే 120. బండికి ముప్పావు మీటరు లెక్కన 90 మీటర్ల జాగ గిరాకి రాకముందే నిండిపాయె. అవి వెనక సందుల పెట్టిస్తే ఖర్చు సున్నా.

జవాబు 2: పైసలు పెట్టేదుంటే మోరీ మీద పెట్టుర్రి. మోరీ మీద బండలేసి సిమెంటుతో పూడ్చి, దాని మీద మెట్లు కడతరు. పూడిక తీసే సందుండదు, మొదటి పెద్దవానకే నీళ్లు దుకాణాలల్లకు వస్తయి. 3 మీటర్లకొక బండ ఇనుప కొక్కేలతో లేపేటట్టుండాలె. రోడ్డు మళ్లేస్తే పాత పొర గీకిన తర్వాతే వేయమని టెండర్లనే రాయించాలె, లేకుంటే ప్రతిసారీ దుకాణాలు రోడ్డు కంటే కిందికి పోతయి. నడిచే దారి 1.8 మీటర్లు ఖాళీగ దొరకాలె.

ప్రశ్న అడిగినోళ్లు: మరి తోపుడు బండ్లు? తీసేయాలని దుకాణపోళ్లు పట్టుబడుతున్నరు.

జవాబు 3: తీసేస్తే ఆ కాస్త జనం కూడ రారు. కూరగాయలకొచ్చినామెనే పక్క దుకాణంల జాకెట్ ముక్క తీసుకుంటది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, వాళ్ల జాగల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీల 40 శాతానికి తగ్గకుండ వీధి వ్యాపారులే ఉండాలె. వీధి వ్యాపారుల సర్వే కాకుండ, అమ్ముకునే సర్టిఫికెట్లు ఇయ్యకుండ వాళ్లను లేపుడు కుదరదు. సర్వే చేయించి, తోపుడు బండి జాగకు పసుపు గీత గీయించుర్రి. మూలమలుపుల, షట్టరు ముంగట వద్దు. సర్టిఫికెట్ ఉన్నోళ్లకు వీధి వ్యాపారులకిచ్చే కేంద్రం అప్పు పథకం పీఎం స్వనిధి కింద మొదటి విడత 15,000 దాకా అప్పు దొరుకుతది.

ఇగ మూసిన 11 షట్టర్లు. ఓనర్లు అడ్వాన్సు తగ్గించరు, అదే అసలు చిక్కు. బతుకమ్మ నుంచి పెళ్లిళ్ల సీజన్ దాకా అడ్వాన్స్ లేకుండ నెల కిరాయికి ఇయ్యమని ఇద్దరు ముగ్గురినన్న ఒప్పించుర్రి. కరెంటు మీటరు బకాయి ఎవరు కట్టాలెనో ముందే కాగితం మీద రాసుకోండి, పంచాది అక్కడ్నే మొదలైతది.