గండికోటలో తిరిగే ఫైబర్ పడవ మరమ్మతుకు ఏ రెజిన్ వాడాలి?

ప్రశ్న (జమ్మలమడుగు):
గండికోట జలాశయంలో మేము నడిపే పాత ఫైబర్ పడవ అడుగుభాగం రాయికి తగిలి జానెడు మేర చీలింది. పాలియెస్టర్ రెజిన్ (గాజుపోగులను అతికించి గట్టిపడే జిగురు ద్రవం) చవక కాబట్టి దానితోనే అతికించమని కొందరు, ఎపాక్సీ రెజిన్ తప్పనిసరి అని మరికొందరు చెబుతున్నారు. అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

జవాబు (కర్నూలు):
అయ్యా, కొత్త పడవ కట్టేటప్పుడు పాలియెస్టర్ పొరలు పూర్తిగా గట్టిపడకముందే ఒకదానిపై ఒకటి పడి రసాయనికంగా కలిసిపోతాయి; కానీ ఏనాడో గట్టిపడిన పాత పొరపై కొత్త రెజిన్ దాని గరుకుదనాన్ని పట్టుకొనే నిలవాలి గనుక, నీటి అడుగున ఉండే చీలికకు నేనైతే, అలా గట్టిగా పట్టుకొనే ఎపాక్సీనే వాడతాను. చీలిక చుట్టూ, పడవ గోడ మందానికి 12 రెట్ల వెడల్పున, ఏటవాలుగా గ్రైండర్‌తో అరగదీయండి. మామూలు (గాజుపోగుల ముక్కలను జిగురుతో చాపలా అతికించిన) చాప్డ్ మ్యాట్‌లోని జిగురు పాలియెస్టర్‌లో ఉండే ద్రావకమైన స్టైరీన్‌కు కరుగుతుందే గాని ఎపాక్సీకి సరిగా కరగదు; కాబట్టి నేసిన గ్లాసు గుడ్డనే పరవండి.

జవాబు (అనంతపురం):
నేనూ ఏకీభవిస్తున్నాను. అయితే ఎపాక్సీపై పాలియెస్టర్ పైపూత అయిన జెల్‌కోట్ తరచుగా సరిగా గట్టిపడదు కాబట్టి, పైన పాలీయురెథేన్ పెయింట్ వేయడం మేలు. మన ఎండలకు కలిపిన రెజిన్ గిన్నెలోనే బిగుసుకుపోతుంది. తెల్లవారుజామున, రెజిన్‌ను నిదానంగా గట్టిపరిచే హార్డెనర్‌తో, కొద్దికొద్దిగా కలుపుకోండి.