కొత్త లైట్లు పెట్టాక కోరల్స్ పాలిపోతున్నాయి, దయచేసి సలహా ఇవ్వండి

మాది నెల్లూరు. ఆరడుగుల రీఫ్ ట్యాంకు (కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), సుమారు 650 లీటర్లు, పెట్టి ఏడు నెలలు. అన్నీ సాఫ్ట్ కోరల్సే: మష్రూమ్స్, జోవాంతిడ్స్, ఒక లెదర్ కోరల్. చేపలు ఐదే: రెండు క్లౌన్లు, మూడు క్రోమిస్‌లు.

నలభై రోజుల కింద పాత ట్యూబులు తీసేసి 165 వాట్ల ఎల్ఈడీలు మూడు పెట్టాను. నీటికి పది అంగుళాల ఎత్తులో ఉన్నాయి. నీలం 80 శాతం, తెలుపు 60 శాతం, రోజుకు పది గంటలు. రెండు వారాలకే పైరాళ్ల మీది మష్రూమ్స్ తెల్లబడి ముడుచుకున్నాయి. రాళ్ల నీడలో ఉన్నవి మాత్రం బాగున్నాయి. లెదర్ పన్నెండు రోజులుగా విచ్చుకోలేదు, చూస్తుంటే చాలా టెన్షన్‌గా ఉంది.

సాలినిటీ (నీటి ఉప్పదనం) సాంద్రత లెక్కలో 1.025, ఆల్కలినిటీ (క్షారత) 8.3 dKH. నీటిని చల్లబరిచే చిల్లర్ ఉంది కాబట్టి ఈ ఎండల్లోనూ 26 డిగ్రీలు దాటలేదు. మా బోరు నీళ్లు ఉప్పన, అందుకే ఆర్‌ఓడీఐ (లవణాలన్నీ వడకట్టి తీసేసిన) నీళ్లే వాడుతున్నాను. కోరల్స్‌కు పోషకాలైన నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. వేరే కిట్‌తో చూసినా అంతే.

20 శాతం చొప్పున రెండుసార్లు నీళ్లు మార్చాను, నీటిని శుద్ధి చేసే కార్బన్ కొత్తది వేశాను, వారం కింద తెలుపును 30కి తగ్గించాను. మార్పు లేదు. ఒక షాపతను లైటు ఇంకా పెంచమన్నాడు, నాకు ధైర్యం చాలలేదు.

ఇప్పుడు ముందు లైటు ఇంకా తగ్గించాలా, లేక చేపల్ని పెంచి నైట్రేట్ కాస్త పైకి తేవాలా?