పరిశోధన నెట్‌వర్క్ మీద వ్యాపార ట్రాఫిక్: ఒప్పుకోవచ్చా?

యశ్వంతపూర్ నుంచి:
కొత్త కంపెనీలకు చోటిచ్చే మా క్యాంపస్ ఇంక్యుబేటర్‌లోని ఒక స్టార్టప్ తన కస్టమర్ల ట్రాఫిక్, అంటే నెట్‌లో వచ్చిపోయే డేటా కూడా మా పరిశోధన ఇంటర్నెట్ లింకు మీదే నడుపుతానంటోంది. రాత్రిళ్ళు ఖాళీయే కదా అంటున్నారు. ఖాళీ ఎక్కడిది? మా ల్యాబ్ జీనోమ్ డేటా కదిలేది రాత్రే. మా లింకు వచ్చే నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు 2010లో కేంద్రం 5,990 కోట్లు మంజూరు చేసింది చదువుకు, పరిశోధనకు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

జయనగర్ నుంచి:
ఇవ్వండి తమ్ముడూ. సగం ఖాళీగా పోయే బస్సులో నాలుగు మూటలు వేస్తే తప్పేంటి? 1986లో మన దేశంలో మొదలైన ఎర్నెట్ అనే పరిశోధన నెట్‌వర్క్ కొన్ని విద్యాసంస్థలకే పరిమితమైంది. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చేదాకా మామూలు జనం బయటే నిలబడ్డారు. ఆ గేటు మళ్ళీ ఎందుకు?

మల్లేశ్వరం నుంచి:
అన్నా, బస్సు పోలిక దగ్గరే నాకు పేచీ. డీజిల్ పోసింది ఎవరు?

అమెరికాలో ఇదే గొడవ జరిగింది. ప్రభుత్వ డబ్బుతో నడిచే ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ అనే నెట్‌వర్క్ పరిశోధనకు, చదువుకు మాత్రమే అని నిబంధన ఉండేది. 1991లో దాన్ని నడిపే ఏఎన్‌ఎస్ అనే సంస్థ లాభాల కోసం ఒక అనుబంధ కంపెనీ పెట్టి, అదే నెట్‌వర్క్ మీద వ్యాపార ట్రాఫిక్ అమ్మింది. మిగతా ఇంటర్నెట్ ప్రొవైడర్లు భగ్గుమన్నారు. జనం సొమ్ముతో వేసిన దారి మీద ఒక్కరే టోల్ వసూలు చేస్తే ఎవరూరుకుంటారు? వాళ్ళలో పీఎస్‌ఐనెట్, యూయూనెట్, సెర్ఫ్‌నెట్ కలిసి అదే ఏడు సీఐఎక్స్ అనే సొంత కూడలి పెట్టుకుని ఒకరి ట్రాఫిక్ ఒకరు తీసుకున్నారు. 1992లో చట్టం సవరించి ఆ నిబంధన సడలించారు. ప్రైవేటు లింకులు నిలదొక్కుకున్నాక 1995 ఏప్రిల్ 30న ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్‌నే ఆపేశారు.

వ్యాపారం రావడం మంచిదే. నా బాధ వేరు. మీ స్టార్టప్‌కు లింకు ఉచితంగా దొరికితే, ఇందిరానగర్‌లో అద్దె గది తీసుకుని, నెలనెలా ప్రైవేటు లింకు బిల్లు కడుతూ అదే సేవ అమ్మే పిల్లల గతేంటి?

యశ్వంతపూర్ నుంచి:
ఆ పిల్లల సంగతి నాకు తట్టనే లేదండీ. స్టార్టప్ ప్రయోగాల డేటా మా లింకు మీదే పోనిద్దాం. కస్టమర్ల సర్వర్లు మాత్రం బయటి లింకు మీద పెట్టుకోమని సోమవారం కమిటీలో చెప్తాను.

జయనగర్ నుంచి:
సరే, ఆ మాట నిజమే. కానీ మొదటి ఆరు నెలల బిల్లు ఇంక్యుబేటర్ భరిస్తుందేమో కూడా అడుగు తమ్ముడూ. వీళ్ళూ పిల్లలే.