పాత నూలు చీరలతో వేసవి టాపులు: కుట్టు శిబిరం ఏర్పాట్లు

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. డాలస్‌లో ఎండలు ముదరకముందే, మే రెండవ శనివారంనాడు పాత నూలు చీరలనుంచి వేసవి టాపు కుట్టడం నేర్పే శిబిరాన్ని సంఘం తరఫున నిర్వహించాలని అనుకున్నాము. మంగళగిరి, వెంకటగిరి, నారాయణపేట చీరలు మనలో చాలామంది ఇళ్లలో కట్టకుండా మిగిలిపోయాయి. గాలి ఆడే ఆ నేత ఇక్కడి ఎండకు ఎంతో హాయి. పట్టును మాత్రం వద్దందామని నా అభిప్రాయం, ఎందుకంటే పాత పట్టు మడతల దగ్గర చిట్లిపోతుంది, కొత్తగా నేర్చుకునేవారి చేతుల్లో జారుతుంది.

చీర తెచ్చేవారు ముందుగానే దానిని ఉతికి, ఫాల్ విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. ఫాల్ కుట్టిన కింది అంచు, పైటకు పిన్ను పెట్టే భుజం భాగం ముందుగా నలిగి పలచబడతాయి. నడుము దగ్గర దోపుకొనే పై అంచు చాలా చీరల్లో గట్టిగానే ఉంటుంది. అమ్మగారిదో అత్తగారిదో అయిన చీరను వారిని అడిగిన తరువాతే తీసుకురావాలని ప్రకటనలో స్పష్టంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

కత్తిరింపు బాధ్యురాలు:
అందరికీ ఒకే నమూనా ఉండాలి: చేతులు విడిగా అతకనవసరం లేని, రెండు దీర్ఘచతురస్రపు ముక్కల వదులు టాపు. చీర వెడల్పు సుమారు 45 అంగుళాలు గనుక, టాపు పొడవు 25 అంగుళాలను ఆ వెడల్పులోనుంచి తీసుకుంటే చీర అంచే టాపు కింది అంచు అవుతుంది, మడిచి కుట్టే పని తప్పుతుంది. రెండు అంచులూ ఒకే తీరుగా ఉన్న చీరల్లో, మీరు చెప్పినట్లు గట్టిగా ఉండే పై అంచునే కిందికి తెచ్చుకుందాము. ఒక్కో ముక్క వెడల్పు ఛాతీ చుట్టుకొలతలో సగానికి 4 అంగుళాలు కలిపి చీర పొడవు వెంట కొలవాలి. మిగిలిన బట్టలో మెడకు క్రాస్ పట్టీలు (ఏటవాలుగా కత్తిరించిన పట్టీలు) వస్తాయి. వెంకటగిరి వంటి పలుచటి నేతకు పాత తెల్ల పంచె ముక్కను లైనింగుగా వేయవచ్చు.

బట్ట అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మనకు లేదు గనుక, పక్క కుట్లను ముందు మంచి వైపు బయటికి ఉంచి పావు అంగుళంలో వేసి, తరువాత తిప్పి మళ్లీ కుట్టిస్తే పోగులు లోపలే ఉండిపోతాయి. సన్నని నూలుకు 11వ నంబరు సూదులు కొనాలి. ఒక సందేహం: గద్వాల చీరలు తెస్తామని కొందరు అడుగుతున్నారు, వాటిని ఏమి చేద్దాము?

సమన్వయకర్త:
గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. కాబట్టి అంచు కలిసిన చోటికి పైన కత్తిరించి, నూలు భాగాన్ని మాత్రమే వాడుకోనిద్దాము. ఆ టాపులకు కింద మడిచి కుట్టవలసి వస్తుందని, అందుకు పొడవులో ఒక అంగుళం అదనంగా ఉంచాలని ముందే చెప్పండి.

వేదిక, విద్యుత్తు బాధ్యుడు:
ఇండియానుంచి తెచ్చుకున్న మోటారు మిషన్లు 230 వోల్టులకు తయారైనవి, ఇక్కడి ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులే. తగిన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాటిని తేవద్దని దయచేసి అందరికీ తెలియజేయండి. 1500 వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే 12 ఆంపియర్లకు పైగా లాగుతుంది గనుక, 15 ఆంపియర్ల సర్క్యూటు మీద రెండవది పెడితే బ్రేకర్ పడిపోయి హాలులో సగం మిషన్లు ఆగిపోతాయి. ఏ ప్లగ్గు ఏ సర్క్యూటుకు చెందినదో హాలు నిర్వాహకులను అడిగి తెలుసుకుని, రెండు ఇస్త్రీ బల్లలను విడివిడిగా అమర్చే బాధ్యత నాది.

సమన్వయకర్త:
ధన్యవాదాలండి. చీరల పరిశీలనను శిబిరం రోజుకు వాయిదా వేయకుండా, అంతకుముందు శనివారమే సంఘం గదిలో పెట్టుకుందాము. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగేవాటిని కూడా అప్పుడే పక్కన పెట్టవచ్చు. ఆ పనికి కనీసం ఇద్దరు కావాలి, వీలున్నవారు బుధవారంలోగా ఇక్కడే తెలియజేయగలరు.